అమ్మ భుజం గీసిన గీతలు

1996లో దసరా సెలవులకు ముందు మా డ్రాయింగ్ సారు ఒక పని అప్పగించారు. అప్పుడు నేను హైదరాబాదు మాసబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో పెయింటింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇళ్లకు వెళ్లేవాళ్లు పెన్సిళ్లు, చార్‌కోల్ పెట్టెలు, కాట్రిడ్జ్ కాగితాలు ఏవీ వెంట తీసుకుపోకూడదు. ఇంట్లో దొరికిన వాటితోనే, ఇంట్లో దొరికిన దాని మీదే గీయాలి. "ఇంటి బొమ్మ నాకు వద్దు. ఆ ఇంట్లో ఏం జరుగుతుందో కాగితం మీద తెలియాలి. ఎలా తెలుస్తుందో మీరే కనుక్కోండి" అన్నారు సారు.

అంతవరకు మేము గీసినవన్నీ కదలని వస్తువులు. కూజా, దాని పక్కన మడతలు పెట్టిన గుడ్డ, ప్లాస్టర్ తలలు. మనుషులను గీసినా వాళ్లు గంటసేపు కదలకుండా కూర్చున్న మనుషులే. నీడ ఎటు పడుతుంది, అంచు ఎక్కడ తిరుగుతుంది అని చూసి గీయడం బాగానే వచ్చింది. కానీ మా ఇంట్లో కదలకుండా ఉండేది ఏదీ లేదు. నాయన కాళ్లూ చేతులూ ఒకేసారి ఆడుతుంటాయి. అమ్మ చేయి ఆగదు. నాయనమ్మ రాట్నం తిరుగుతూనే ఉంటుంది.

మాది చేనేత కుటుంబం. చౌటుప్పల్‌లో బస్సు దిగి లోపలికి పోతే వచ్చే ఊళ్లలో ఒకటి మా ఊరు. అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, ఇలా ఆ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా మగ్గాల చప్పుడే. నేసే ముందే నూలును ముడులు కట్టి రంగులద్దే ఇక్కత్ పని మాది. మా వాళ్లు దాన్ని చిటికి పని అంటారు.

కళాశాల గ్రంథాలయంలో చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగులు (రేకు మీద గీతలు చెక్కి తీసిన అచ్చులు), డ్రాయింగులు అచ్చువేసిన పుస్తకాలు ఉండేవి. ఆయన మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాదులో చిత్రకళ చదివి, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. మేకలు, చెట్లు, బండరాళ్లు, మనుషులు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఆయన గీతలంటే మా అందరికీ ప్రాణం. పల్లెటూరి నుంచి వచ్చిన ప్రతి విద్యార్థీ ఆ పుస్తకం చూసి, 'మా ఊరిని కూడా గీయవచ్చు' అని ధైర్యం తెచ్చుకున్నవాడే. నేనూ రెండేళ్లు మేకలను గీశాను, తాటిచెట్లను గీశాను. అయితే మా వీధిలో బయట కనిపించేది తక్కువ. పద్మశాలి వాడలో పగటిపూట వీధి ఖాళీగా ఉంటుంది. బతుకంతా గోడల లోపలే, మగ్గం గుంట చుట్టూ, దండెం కింద. ఆ సంగతి నాకు సారు మాటతోనే గుర్తుకొచ్చింది.

ఇంటికి వెళ్లిన మర్నాడు పొద్దున చిత్రకారిణి కళ్లతో ఇల్లు చూద్దామని కూర్చున్నాను. ముందు గదిలో మగ్గం. దాని పక్క గోడకు, మనిషి చేయి ఆనే ఎత్తులో, ఏళ్ల తరబడి రంగు చేతులు ఆనించిన మరకలు. ఎరుపు మీద నలుపు, నలుపు మీద పసుపు. కింది వరుస నాయనమ్మది, ఆమె పొట్టి మనిషి. దాని పైన అమ్మది. చూరు కింద దండెం మీద ఆరుతున్న నూలు చిలపల (నూలు చుట్టల) నుంచి చుక్కలు పడి నేల మీద రంగు వలయాలు. మూలన ఒక బుట్టలో సన్నటి పట్టీలుగా కోసిన పాత సైకిల్ ట్యూబులు. చిటికి కట్టేది వాటితోనే. రంగు అంటకూడని చోట నూలు చుట్టూ ఆ రబ్బరు పట్టీ బిగించి కడితే, బానలో ముంచినా లోపలి దారం తెల్లగా ఉండిపోతుంది.

మొదట చేసింది రుద్దడం. మాక్స్ ఎర్నెస్ట్ అనే జర్మన్ చిత్రకారుడు 1925లో నేల చెక్కల మీద కాగితం పరచి, పైన పెన్సిలుతో రుద్ది బొమ్మలు చేశాడని సారు తరగతిలో చెప్పి ఉన్నారు. ఆ పద్ధతి మాకు వింతేమీ కాదు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దని పిల్లలు ఎవరున్నారు? పొయ్యిలోంచి చింతబొగ్గు తీసుకొని, చీరల మూటలకు చుట్టే ఖాకీ కాగితం పరచి, మగ్గం కర్రలన్నీ రుద్దాను. నేసిన బట్ట చుట్టుకునే కర్ర, పేకను, అంటే అడ్డపోగును, దగ్గరకు కొట్టే పన్నె, చేయి పడి పడి నున్నబడిన పలక అంచు. పన్నె మీద రుద్దినప్పుడు వచ్చిన సన్నటి నిలువు గీతల వరుసలో ఒక చోట పుల్లలు విరిగితే నాయన సరిచేసిన అతుకు కూడా పడింది. కంటికి ఎప్పుడూ కనిపించని ఆ అతుకు కాగితం మీద స్పష్టంగా తేలింది. నాయన చూసి, "ఇది ఎప్పుడో నీ బారసాలనాటి అతుకు" అన్నాడు.

బాగానే ఉంది కానీ అందులో మగ్గం ఉంది, మనిషి లేడు. సారు అడిగినది ఇది కాదని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ పూటే నాయనమ్మ నా చేతిలో ఖాకీ కాగితం చూసి, "నూనె పెట్టి చూడు బిడ్డా" అంది. ఆమె పెళ్లినాటికి ఇంట్లో పట్టుచీరలు లేవు, నూలు రుమాళ్లే. తేలియా రుమాళ్లు. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ల ఆ రుమాళ్లను అరబ్బు దేశాలకు పంపేవారు. రంగు వేసే ముందు నూలును నూనెలో, ఆముదపు కాయలు కాల్చిన బూడిద నీటిలో మళ్లీ మళ్లీ నానబెట్టి పిసికి ఆరబెట్టాలి. అప్పుడే ఎరుపు పట్టుకుంటుంది, బట్ట మెత్తబడుతుంది. చీరాల నుంచి మా వైపు వచ్చిన పని అది. మా ఇంట్లో ఎప్పుడో పోయింది కానీ పుట్టపాకలో నిలబడింది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నాయనమ్మ చెబుతూ చెబుతూ ఊరుకోలేక తానే కొంగు బిగించింది. పెరట్లో ఆముదపు కాయల పొట్టు కాల్చి, బూడిద నీరు తేర్చి, నువ్వుల నూనె కలిపింది. తెల్లగా విరిగిన ఆ నీటిని అరచేత్తో కాగితానికి పట్టించింది. కుంచె ఇస్తానంటే వద్దంది. "చేతికి తెలుస్తుంది ఎంత పట్టిందో" అంది.

ఎండలో ఆరిన తర్వాత ఆ కాగితం తేనె రంగుకు తిరిగి, అవతలి వెలుగు ఇవతలికి కనిపించేంత పలచబడింది. దాని మీద నాయనమ్మ వేళ్లు నడిచిన దారులు కొంచెం చిక్కగా మిగిలాయి. వాసన మాత్రం ఇల్లంతా నిండింది. ఆ వాసనకు మగ్గం మీది నుంచి నాయన తల తిప్పి, "ఎన్నేళ్లయింది" అన్నాడు. ఆయన బాల్యమంతా ఆ వాసనలోనే గడిచింది.

ఇక్కడ నాయన గురించి ఒక మాట చెప్పాలి. నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతానన్నప్పుడు వాడలో చాలామంది, "బొమ్మలు గీయడానికి చదువెందుకు?" అన్నారు. నాయన అనలేదు. ఆయన ఎదురుగా గోడకు ఎప్పుడూ ఒక గ్రాఫు కాగితం వేలాడుతుండేది. అందులో గడి గడికి లెక్క. ఆ లెక్క ప్రకారం చాచిన నూలు మీద గుర్తులు పెట్టుకొని, ఏ దారాలు కట్టాలో, ఏవి వదలాలో చూసుకొని చిటికి కడతారు. ఒక రంగు అయ్యాక కొన్ని ముడులు విప్పి, కొన్ని కొత్తగా కట్టి ఇంకో రంగులో ముంచుతారు. అంటే చీర మీద కనిపించే ఏనుగునో చిలుకనో నేసేటప్పుడు వేయరు. అది ముందే దారంలో ముక్కలు ముక్కలుగా దాగి ఉంటుంది. అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ తిరిగే కొద్దీ ఒక్కో పోగు వచ్చి తన చోట కూర్చుంటే బొమ్మ తేలుతుంది. ఎంత జాగ్రత్తగా నేసినా పోగు వెంట్రుకవాసి జరుగుతుంది. ఇక్కత్ అంచుల్లో కనిపించే ఆ చెమ్మ పారినట్టుండే మసక అందువల్లనే. కళాశాలలో అంచు మసకబారితే దిద్దమనేవారు. మా ఇంట్లో ఆ మసకే పనితనానికి సాక్ష్యం. అది లేని చీరను చూస్తే, 'ఇది అచ్చు వేసినది' అని మా వాళ్లు ఇట్టే చెప్పేస్తారు.

ఇక ఆసు గురించి. చిటికి కట్టాలంటే పేక నూలును ముందు ఆసు మీద పోయాలి. ఆసు ఒక చెక్క చట్రం. ఒక చివర ఒకే మేకు, రెండో చివర అర్ధచంద్రాకారంగా మేకుల వరుస. ఆ ఒంటి మేకు నుంచి వరుసలోని ఒక్కో మేకుకు దారం తీసుకుపోయి తిప్పి వెనక్కు తేవాలి. పోసిన తర్వాత చూస్తే విసనకర్ర విప్పినట్టు ఉంటుంది. చేయి ప్రతిసారీ సుమారు మీటరు దూరం పోయి రావాలి. ఒక చీరకు ఇలా తొమ్మిది వేల సార్లు. అలవాటైన చేతికి కూడా నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరల ఆసు పోసే ఆడవాళ్లు మా వాడలో ఇంటికొకరు. పద్దెనిమిది వేల సార్లు. ఇది ఎప్పుడూ ఆడవాళ్ల పనే. మగ్గం దగ్గర కూర్చున్న మనిషికి నేతకారుడని పేరుంది. ఆసు దగ్గర కూర్చున్న మనిషికి పేరు కూడా లేదు. ఫొటోలు తీయడానికి వచ్చేవాళ్లు మగ్గాన్ని తీసేవారు, రంగు చిలపలను తీసేవారు. వెనక గదిలో ఆసు దాకా వచ్చినవాళ్లు తక్కువ.

అమ్మ పెళ్లై వచ్చిన ఏడాది నుంచి ఆసు పోస్తోంది. నేను పుట్టే ముందు రోజు దాకా పోసిందట. రాత్రిళ్లు కుడి భుజం కింద దిండు పెట్టుకొని ఒక పక్కకే పడుకునేది. గిన్నె పై అరలో పెట్టాలంటే ఎడమ చేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకునేది. చౌటుప్పల్‌లో డాక్టరు ఆ చేతికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. ఇస్తే ఇంట్లో మగ్గం ఆగుతుంది.

ఆ మధ్యాహ్నం అమ్మ ఆసు ముగించి లేవబోతుంటే ఆమె చేతి వైపే చూస్తూ కూర్చున్నాను. దారం లేకపోతే, ఆ వేళ్ల మధ్య బొగ్గు ముక్క ఉంటే ఏమవుతుంది? అంతే, ఆ ఆలోచన వచ్చాక నిలవలేకపోయాను. పాత తలుపు చెక్క ఒకటి పెరట్లో ఉంది. దాన్ని తెచ్చి ఆసు ఉండే చోటనే, అదే ఎత్తులో, అదే వాలుతో నిలబెట్టాను. ఖాకీ కాగితాలు గంజితో అతికించి దాని మీద బిగించాను. మేకులు ఉండే చోట్ల చుక్కలు పెట్టబోతే అమ్మ ఆపింది. "చుక్కలెందుకు? చేతికి తెలియదా?" అంది. ఆమె ఎప్పుడూ కూర్చునే పీట మీద కూర్చొని, దారం పట్టుకున్నట్టే బొటనవేలికి చూపుడువేలికి మధ్య చింతబొగ్గు పట్టుకుంది.

"ఎంతసేపు తిప్పాలి బిడ్డా?"

"ఒక చీరకు ఎంతో అంత."

"బొగ్గుతో ఎంత తిప్పినా చీర రాదు కదా" అంటూనే మొదలుపెట్టింది.

మొదటి కొన్ని గీతలు విడివిడిగా కనిపించాయి. ఒంటి మేకు ఉండాల్సిన చోటు నుంచి బయలుదేరి, విల్లులా కొంచెం వంగి, అర్ధచంద్రం అంచుకు చేరి, అక్కడ చిన్న మెలిక తిరిగి వెనక్కి. ఏ గీతా తిన్నగా లేదు. మోచేయి కీలు దగ్గర తిరిగే మనిషి చేయి తిన్నగా ఎలా పోతుంది? ఆ వంపు అమ్మ చేయి పొడవు. కాసేపటికి గీతల మీద గీతలు పడి, ఒంటి మేకు చోట నల్లటి ముద్ద కట్టింది. అక్కడ కాగితం నునుపు తేలి మెరవసాగింది. మెలిక తిరిగే అంచంతా ముదురు నలుపు. నడుమ మాత్రం లేత బూడిద రంగు, ఎందుకంటే అక్కడ చేయి వేగంగా పోతుంది, బొగ్గు తేలికగా ఆనుతుంది. పని ఎక్కడ బరువో, ఎక్కడ తేలికో కాగితం చెబుతోంది. బొగ్గు అరిగినప్పుడల్లా నేను కొత్త ముక్క అందించాను. అమ్మ గీస్తున్న వైపు చూడనే లేదు. పక్కింటి పిన్నితో మాట్లాడింది, పొయ్యి మీది పాలు చూడమని నాకు చెప్పింది, చెల్లిని కోప్పడింది. చేయి తన దారిన తాను నడిచింది.

సాయంత్రానికి అర్ధచంద్రం పై అంచు కిందికి జారడం మొదలైంది. ముందు వేలెడు, తర్వాత బెత్తెడు. భుజం లేవడం లేదు. చుక్కలు పెట్టి ఉంటే ఆమె ఆ చుక్కల దాకా చేయి బలవంతంగా సాచేదేమో. లేవు కాబట్టి ఎంత అలసిందో అంత కిందికి దిగింది గీత. మొదట మేము అనుకున్న లెక్కలో సగానికే నేను ఆపమన్నాను. ఆమె ఆగలేదు. "చెప్పిన పని సగంలో ఆపితే మీ సారు ఏమనుకుంటాడు?" అంది. దీపం పెట్టే వేళకు నేనే చేయి పట్టుకొని బొగ్గు తీసేసుకున్నాను.

తర్వాత జరిగిన దాన్ని నేను ఇప్పటికీ తలచుకుంటాను. మొహం కడుక్కొని వచ్చి అమ్మ దీపం ఎత్తి పట్టుకొని ఆ కాగితాన్ని చదివింది. చదివింది అనే అంటాను, ఇంకో మాట కుదరదు. ఒక చోట గుంపు నుంచి బయటికి జారిన గీత మీద వేలు పెట్టి, "ఇది పాలు పొంగినప్పుడు" అంది. ఇంకో చోట దట్టంగా ఆగిన మచ్చ చూపించి, "ఇక్కడ మీ నాయన పిలిచాడు, ఆగాను" అంది. కింది అంచు దగ్గర మూడు నాలుగు గీతలు వణికి ఉన్నాయి. వాటిని చూసి ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "రోజూ ఇంత చేస్తానా నేను?" అని అడిగింది. రోజూ చేసే పని చివర ఆమెకు మిగిలేది ఏదీ లేదు. ఆసు మీది నూలు నాయన చేతికి పోతుంది, అక్కడి నుంచి చీర అయి ఎవరి పెళ్లికో పోతుంది. ఆమె చేయి పోయి వచ్చిన దూరం ఎక్కడా నమోదు కాదు. మొదటిసారి అది ఒక చోట పడి, ఆమెకే కనిపించింది.

మీటరు చొప్పున తొమ్మిది వేల సార్లు అంటే తొమ్మిది కిలోమీటర్లు. అది ఒక్క వైపు లెక్కే. తిరుగు బస్సులో చౌటుప్పల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నేను ఈ లెక్కే వేసుకుంటూ వచ్చాను. చుట్టిన కాగితాలు ఒడిలో ఉన్నాయి. బొగ్గు రాలిపోకుండా వాటి మీద నాయన పలచటి గంజి నీళ్లు చిలకరించి ఇచ్చాడు. ఫిక్సెటివ్ సీసా కొనే స్తోమత అప్పుడు లేదు, ఉన్నా వెంట తీసుకుపోకూడదని సారు షరతు. నూలుకు బలమిచ్చే గంజి బొగ్గును కూడా పట్టి ఉంచింది.

తరగతిలో అందరి పనులూ గోడలకు తగిలించాం. నా స్నేహితురాలు ఒకామె వాళ్ల ఇంటి ముంగిట ముగ్గు మీద వాన చుక్కలు పడిన తీరును సున్నంతో నల్ల గుడ్డ మీద పట్టుకొచ్చింది. అది ఎంత బాగుందో చెప్పలేను. ఇంకో అబ్బాయి తండ్రి కంసాలి. కొలిమి మసితో పలక మీద వేలిముద్రలు తెచ్చాడు. నావి నాలుగు. పన్నె రుద్దుడు, నాయనమ్మ నూనె కాగితం, గ్రాఫు లెక్కను బొగ్గుతో ఒత్తిన ఒక పొడవాటి పట్టీ, చివరిది అమ్మది. నూనె కాగితాన్ని కిటికీకి తగిలిస్తే ఎండ దానిలోంచి వచ్చి గది పసుపుపచ్చగా అయింది.

అమ్మ గీతల దగ్గర వాదన జరిగింది. "ఇది గీసింది నువ్వు కాదు కదా, మీ అమ్మ" అని ఒకరు. "ఇందులో నైపుణ్యం ఎక్కడుంది?" అని ఇంకొక అధ్యాపకులు. ఆ ప్రశ్నకు నాకు అప్పుడు మాటలు రాలేదు కానీ జవాబు తెలుసు. ఇరవై ఏళ్లు ఒకే దారిలో నడిచిన చేయి కళ్లు మూసుకొని కూడా ప్రతిసారీ అదే మెలిక తిరగగలిగితే దానికి మించిన నైపుణ్యం ఏముంటుంది? పేరు విషయంలో మాత్రం వాళ్లన్నది నిజమే. కాగితం కింద మూలన అమ్మ పేరు, నా పేరు రెండూ రాశాను. సారు ఆ రెండు పేర్లూ చదివి, వెనక్కి నడిచి గది చివర నిలబడి చాలాసేపు చూశారు. "మీ అమ్మగారి భుజం ఎలా ఉంది?" అని అడిగారు. మార్కుల సంగతి ఎప్పుడు చెప్పారో కూడా నాకు గుర్తులేదు.

పీజీకి బరోడా వెళ్లాను. నస్రీన్ మొహమ్మదీ అనే చిత్రకారిణి అక్కడ 1972 నుంచి 1990లో చనిపోయేదాకా పాఠాలు చెప్పారు. నేను వెళ్లేసరికి ఆమె లేరు, ఆమె గీతల గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు. పెన్నుతో, సిరాతో, వెంట్రుకంత సన్నగా, ఒకదాని పక్కన ఒకటి పరచిన గీతలు. మొదటిసారి చూసినప్పుడు చాచి కట్టిన నిలువు పోగుల పడుగు ముందు నిలబడినట్టే అనిపించింది. ఆమె గీతలో శరీరం బరువు దాదాపు కనిపించదు. ఊపిరి బిగబట్టి గీసినవి అవి. నాకు అవి ఎంత ఇష్టమైనా, నా దారి ఆసు దగ్గరే మొదలైందని ఆ గీతల ముందే స్పష్టమైంది. నేను ఆ తర్వాత చేసిన పనులన్నింటిలో గీత ఎక్కడో ఒక చోట అలసిపోతుంది.

నేను బరోడాలో ఉండగానే మా వైపు పెద్ద మార్పు వచ్చింది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే ఆయన, ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడే తల్లి లక్ష్మిని చూడలేక, 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టారు. పెద్ద చదువు లేదు, డబ్బు లేదు. ముక్కలు ముక్కలుగా చేసుకుంటూ పోయి 1999లో పూర్తి చేశారు. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. చేయి అక్కరలేదు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినప్పుడు మా వాడలో ఆడవాళ్లు సంబరపడినంతగా ఇంకెవరూ సంబరపడి ఉండరు. నేను అమ్మ భుజాన్ని కాగితం మీదకు తెచ్చాను. ఆయన ఆ భుజం మీది బరువునే దించారు. రెండూ ఒకటి కావని నాకు బాగా తెలుసు, ఆయన పేరు తలచినప్పుడల్లా చేతులు జోడించాలనిపిస్తుంది.

మా ఇంటికి యంత్రం కొంచెం ఆలస్యంగా వచ్చింది. అది వచ్చిన రోజు అమ్మ దాని ముందు కూర్చొని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని, దారం దానంతటదే తిరగడం చూస్తూ ఉండిపోయిందని చెల్లి ఉత్తరం రాసింది. పాత ఆసును కొన్నాళ్లు అటక మీద పెట్టి, తర్వాత ఇల్లు మార్చేటప్పుడు ఎవరికో ఇచ్చేశారు. ఇప్పుడు మా చెల్లి కూతురికి ఆసు పోయడం ఎలా ఉండేదో చూపించాలంటే ఆ ఖాకీ కాగితమే ఉంది. దానిలో కూడా ఒక మూల లేదు. గంజి రుచికి కాగితం పురుగులు పట్టి నా పేరున్న మూల కొంత తినేశాయి. అమ్మ పేరు చెక్కుచెదరలేదు. మిగిలినదాన్ని అద్దం పట్టించి పెట్టాను. మొన్న పిల్ల దాని ముందు నిలబడి గాలిలో చేయి తిప్పి చూసింది. అమ్మ మంచం మీద నుంచే, "మోచేయి అంత ఎత్తకు, మణికట్టు తిప్పు" అని దిద్దింది.

ఇన్నేళ్లుగా వాయిదా పడిన పని ఇంకొకటి ఉంది. గుంట మగ్గంలో నాయన పాదాలు. పైన చేతులు చేసేది అందరికీ కనిపిస్తుంది. కింద గుంటలో రెండు పాదాలు చెక్కలను తొక్కే తీరు ఎవరూ చూడరు. ఏ కాలు ఎక్కువ బరువు మోస్తుంది, ఏ వేలు ముందు ఆనుతుంది, పువ్వు వచ్చే చోట అడుగు మారుతుందా లేదా. నాయనకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. పట్టు మానేసి, తీరికగా నూలు దుప్పట్లు నేస్తున్నాడు. చెక్కల మీద కార్బన్ కాగితం, దాని కింద తెల్ల కాగితం పరుస్తానని, ఒక్క దుప్పటి నేసినంతసేపు అలాగే తొక్కమని పోయిన వారం ఫోనులో అడిగాను.

"మగ్గం మీద ఉన్నది కోసిన తర్వాత చూద్దాం" అన్నాడు. ఫోను పెట్టేయబోతూ మళ్లీ ఆగి, "తెల్ల కాగితం వద్దు బిడ్డా, పాదం చెమటకు రెండు గజాలు నేసేలోపే చినిగిపోతుంది. ఆ ఖాకీదే తీసుకురా. దొరకకపోతే చెప్పు, చౌటుప్పల్‌లో నేను చూస్తాను" అన్నాడు.